రెడ్డెమ్మ మానుకున్న మాత్ర

పుంగనూరు బొరుగుల బట్టీల వీధిలో నిప్పుకు భయపడేవాళ్ళు ఉండరు. భయపడేవాళ్ళకు అక్కడ పని దొరకదు. ఇనుప మూకుడులో ఇసుక సెగలు కక్కే దాకా కాగాలి. ఉప్పునీళ్ళు పట్టించి ఆరబెట్టిన బియ్యం అందులో పోసి, చీపురుకట్టతో గిరగిరా తిప్పి, గింజ పొంగిన క్షణానికి జల్లెడలోకి ఎత్తాలి. మంట తగ్గితే గింజ పొంగదు, మించితే నల్లబడుతుంది. రెడ్డెమ్మ పెళ్ళయి ఆ వీధికి వచ్చిన ఏడాదికే పని మీద చెయ్యి కుదుర్చుకుంది. ఆమెను గొప్ప పనిమంతురాలని ఎవరూ అనలేదు. ఆమె వేయించిన బొరుగులు మాడేవి కావు, అంతే.

ఆమె భయం నిప్పు గురించి కాదు. అది ఆమెకు ముప్పై ఏళ్ళు నిండకముందే, 1996 ఎండాకాలంలో, ఆమె ఒంట్లోనే మొదలైంది.

పొద్దున లేచేసరికి వేళ్ళ కణుపులు వాచి, పిడికిలి ముడుచుకునేది కాదు. పొద్దెక్కేకొద్దీ కొంచెం సడలేది. ముక్కుకు రెండు వైపులా బుగ్గల మీద ఎర్రని మచ్చలు లేచాయి. సాయంత్రమైతే సన్నని జ్వరం. తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలు. బట్టీ సెగ తగిలిందని అందరూ అన్నారు. అత్త కుప్పమ్మ గంధం అరగదీసి బుగ్గలకు పట్టించింది, మజ్జిగ తాగించింది. మచ్చలు చల్లబడలేదు.

బొరుగులు మూటలకొద్దీ కొని సంతల్లో అమ్మే మల్లప్ప ఒకరోజు ఆమె ముఖం చూసి నవ్వాడు.

“ఏం రెడ్డెమ్మా, బుగ్గలకు రంగేసుకోనుండావు? నాటకానికేమన్నా పోతాండావా?”

“నీ మొగానికి రంగు పూసినా సూసేవాళ్ళు లేర్లే మల్లప్పా, మూట ఎత్తుకోని పో” అంది కుప్పమ్మ. మల్లప్ప పోయాక ఆమె కోడలి ముఖాన్ని చాలాసేపు చూసింది. తర్వాత కొడుకును లోపలికి పిలిచింది. “చెంగయ్యా, ఇది సెగ గాదురా. సెగైతే నాకు లేసుండాల గదా ముందు, నలభై ఏండ్లుగా ఆ పొయ్యి ముందర కూసున్నదాన్ని. మదనపల్లికి పిలుసుకోని పో.”

చెంగయ్య వెంటనే కదల్లేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల్లో పొడిచినట్టయి రెడ్డెమ్మ గోడ పట్టుకొని నిలబడిపోయిన రోజు మాత్రం మారు మాట్లాడకుండా బస్సెక్కించాడు.

మదనపల్లెలో రాజగోపాల్ అనే డాక్టరు ఆమెను పరీక్షించాడు. నెమ్మదస్తుడు. తీరిక దొరికితే విడమరిచి చెప్పేవాడు. ఎదుటివాళ్ళు చెప్పేది వినడానికి మాత్రం ఆ తీరిక అంతగా మిగిలేది కాదు. రక్తం వేలూరుకు పంపించి, జవాబు వచ్చాక భార్యాభర్తలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టాడు.

“మీ వీధిలో కుక్కలున్నాయా?” అని అడిగాడు.

“లేకేం సార్, మనుషులకంటే అవే ఎక్కువ” అన్నాడు చెంగయ్య.

“దొంగ వస్తే ముందు ఒక కుక్క చూసి మొరుగుతుంది. తక్కినవి దొంగను చూసి మొరగవు, ఆ మొరుగుడు విని మొరుగుతాయి. మన ఒంట్లో కూడా అట్లాంటి కాపలా ఉందమ్మా. ముల్లు గుచ్చుకుంటే అక్కడ ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పుడుతుందే, ఆ పని చేసేది కాపలావాళ్ళే. ఒకరు ఇంకొకరిని కేక వేసి పిలుస్తారు, ఆ చోటికి రక్తం ఎక్కువ పారేటట్టు చేస్తారు, వచ్చిన క్రిమిని చంపుతారు. అది మేలే. అది లేకపోతే చిన్న పుండుకే మనిషి పోతాడు. అయితే పని ముగిసినాక ‘చాలు, ఊరుకోండి’ అని అదలించేవాళ్ళు కూడా ఒంట్లోనే ఉంటారు. వాళ్ళ మాట చెల్లితేనే వాపు తగ్గి, పుండు మానుతుంది. నీ ఒంట్లో ఆ అదలింపు చెల్లడం లేదు. దొంగ లేడు, మొరుగుడు ఆగలేదు. పైగా ఇంటివాళ్ళనే కరుస్తున్నాయి.”

“ఎవర్ని సార్?” అంది రెడ్డెమ్మ.

“నిన్నే. ఇప్పుడు కీళ్ళను, చర్మాన్ని, ఊపిరితిత్తుల పైపొరను. వదిలేస్తే రేపు మూత్రపిండాల మీద పడతాయి. దీన్ని లూపస్ అంటారు.”

రెడ్డెమ్మ తన చేతులు చూసుకుంది. “నేనేం తప్పు జేస్తి సార్?”

“ఏ తప్పూ చేయలేదు. ఎవరికి ఎందుకు వస్తుందో సరిగ్గా మాకూ తెలియదు.”

ఓదార్పుగా చెప్పిన ఆ మాటే ఆమెను ఎక్కువ భయపెట్టింది. తప్పు ఉంటే ప్రాయశ్చిత్తం ఉంటుంది. ముడుపు కట్టవచ్చు, ఉపవాసం ఉండవచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు. తప్పు లేని చోట మనిషికి చేయడానికి ఏమీ మిగలదు.

డాక్టరు చిన్న తెల్లని మాత్రలు రాసిచ్చాడు. “ఇవి ఆ కాపలాను జోకొడతాయి. రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. కాపలా నిద్రలో ఉంటుంది కాబట్టి నిజంగా దొంగ వస్తే పట్టుకోలేదు. నీకు జ్వరం వచ్చినా, ఇంట్లో ఎవరికైనా అంటుజబ్బు వచ్చినా వెంటనే నా దగ్గరికి రావాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఈ మాత్ర నీ అంతట నువ్వు ఆపకూడదు. ఇట్లాంటి సరుకు మన ఒంట్లోనే రోజూ పుడుతుంది. మూత్రపిండాల పైన రెండు చిన్న గ్రంథులుంటాయి, అవి తయారు చేస్తాయి. బయటినుంచి మనం ఇస్తూ పోతే అవి పని మానేస్తాయి. ఉన్నట్టుండి మాత్ర ఆపితే బయటిదీ ఉండదు, లోపలిదీ ఉండదు. ప్రాణం మీదికి వస్తుంది.”

“మా అన్న మాదిరి సార్” అన్నాడు చెంగయ్య. “ఇంట్లో పెడతాండారు గదా అని సేద్యం మానేసినాడు. ఇప్పుడు మడక పట్టమంటే సేతగాదు.”

డాక్టరు నవ్వాడు. రెడ్డెమ్మ నవ్వలేదు.

మాత్రలు పనిచేశాయి. వేళ్ళు ముడుచుకున్నాయి, మచ్చలు వెలిసిపోయాయి, ముఖం మాత్రం చంద్రబింబంలా గుండ్రమైంది. “మొగుడు బాగా మేపతాండాడే!” అన్నాడు మల్లప్ప. ఆమె మళ్ళీ బట్టీ ముందు కూర్చుంది. నెలనెలా మదనపల్లెకు పోయివచ్చేది. మాత్ర కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఒక మోతాదు దగ్గర డాక్టరు నిలిపాడు.

కానీ భయం తగ్గలేదు. శత్రువు బయట ఉన్నప్పుడు భయానికి ఒక దిక్కు ఉంటుంది; మనిషి తలుపు వేసుకుంటాడు, లేదా పారిపోతాడు. తన రక్షణ కోసం తనలోనే పుట్టిన బలగం తనను పరాయిదని ఎంచినప్పుడు తలుపు ఎక్కడ వేయాలి? ‘నేను’ అనే మాటకు అర్థం ఏమిటని ఆలోచనాపరులు యుగాలుగా తర్కించారు. రెడ్డెమ్మకు ఆ తర్కంతో పరిచయం లేదు. అయితే ఏది నేను, ఏది నేను కాదు అన్న తీర్పును తన నెత్తురే తప్పుగా చెప్పిందన్న సంగతిని ఆమె ప్రతి ఉదయం పిడికిలి ముడిచి తెరిచి పరీక్షించుకుంటూ బతికింది. మోకాలు కలుక్కుమన్నా, కూతురిని ఎత్తుకొని వచ్చి ఆయాసపడినా, ‘అవి లేచినాయేమో’ అని ఒక చోట కదలకుండా కూర్చుండిపోయేది.

అట్లా మూడేళ్ళు గడిచాయి. 1999 వేసవి మొదట్లో రెండో తరగతి చదువుతున్న కూతురు దీపకు నీళ్ళు పోస్తూ కుప్పమ్మ చెంబు కింద పెట్టేసింది. పిల్ల వీపు మీద నీటిబొట్ల వంటి పొక్కులు.

“అమ్మ వచ్చినాది” అంది కుప్పమ్మ, గొంతు తగ్గించి. భయం, మర్యాద రెండూ ఉన్న గొంతు అది.

అమ్మవారు పోసిన ఇంట్లో పాటించవలసినవి ఆ వీధిలో ఒకరు ఒకరికి చెప్పనక్కరలేదు. గడపకు వేపమండలు కట్టారు. తాలింపు ఆగిపోయింది. నూనె మరగకూడదు, గింజ పేలకూడదు; బట్టీ ఆర్పేశారు. చెంగయ్య పడక అరుగు మీదికి మారింది. పిల్లకు అంబలి, పెరుగన్నం, చల్లని నీళ్ళు. మందు అన్న మాట మాత్రం ఆ గడప లోపల పలకరాదు. అమ్మవారు జబ్బు కాదు, ఇంటికి వచ్చిన అతిథి. అతిథి కూర్చుని ఉండగా మందు తీయడమంటే ఆమెను దొంగని చేసి కర్ర తీయడమే. ఆ అవమానానికి ఆమె పిల్లను తీసుకొని లేచిపోతుంది.

రెడ్డెమ్మ రోజూ మింగే మాత్ర ఈ నిషేధం కిందికి వస్తుందన్న ఊహ ఇంట్లో ఎవరికీ రాలేదు. కుప్పమ్మకూ రాలేదు. రెడ్డెమ్మకు మాత్రమే వచ్చింది. అందుకు కారణం ఉంది.

ఆమె పుట్టిల్లు కుప్పం దగ్గరి మెట్టపల్లె. తండ్రికి వేరుశనగ చేను, కొంచెం మల్బరీ తోట. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు తమ్ముడు గణేష్‌కు అమ్మవారు పోసింది. ఆమెకు పోయలేదు. పిల్లవాడి జ్వరం చూసి తట్టుకోలేక తండ్రి కుప్పం నుంచి సూదులు వేసే మనిషిని రహస్యంగా పిలుచుకొచ్చాడు. మరునాటికి గణేష్ చనిపోయాడు. “సూది గుచ్చిరి. అమ్మ లేసి పాయ. పోతా పోతా నా బిడ్డను ఎత్తుకోని పాయ” అని తల్లి ఏడ్చిన ఏడుపును, గాదె వెనక నక్కి కూర్చున్న రెడ్డెమ్మ విన్నది. ఆ పిల్లవాడు సూది వేయకపోయినా పోయేవాడేమో. ఆ జ్వరం కొందరు పిల్లల్లో మెదడుకు, ఊపిరితిత్తులకు పాకుతుంది. ఒక మరణానికి రెండు కారణాలు వినబడినప్పుడు పిల్లలు తల్లి గొంతులోంచి వచ్చినదాన్నే పట్టుకుంటారు. పెద్దయ్యాక కూడా ఆ పట్టు సడలదు.

పొద్దున మాత్ర అరచేతిలో పెట్టుకొని ఆమె వంటగది మూలన నిలబడింది. పక్క గదిలో దీప గొణుగుతోంది.

“అవ్వా, దురద.”

“గోకొద్దు తల్లీ. వేపాకుతో నిమురుతా, ఉండు.”

“అమ్మోరికి నామీద యాల కోపం?”

“కోపం గాదే. పిల్లోళ్ళతో ఆడుకునేకి వస్తాది.”

“ఈ ఆట నాకొద్దని సెప్పు.”

“అట్లనొద్దు, లెంపలేసుకో!” అంటూ కుప్పమ్మ తానే లెంపలు వేసుకుంది.

రెడ్డెమ్మ మాత్రను మింగలేదు. మింగితే పోయేది బిడ్డ, మానితే తాను. డాక్టరు చెప్పిన మాట ఆమె మరచిపోలేదు. ప్రాణం మీదికి వస్తుందన్నాడని స్పష్టంగా గుర్తుంది. ఆ ఇల్లాలిది అజ్ఞానమని తేల్చడం సులువు. ఆమె రెండు భయాలను ఎదురెదురుగా నిలబెట్టి, ఏది ఎవరి మీద పడుతుందో చూసి, తన మీద పడేదాన్ని ఎంచుకుంది. లెక్క తప్పింది. లెక్క వేసిన తీరులో మాత్రం తల్లులకు కొత్తగా కనిపించేది ఏమీ లేదు.

బయట పారేస్తే ఎవరైనా చూస్తారు. అందుకని ఆరిన బట్టీ బూడిదలో వేలితో గుంట చేసి మాత్రను పూడ్చింది.

“మాత్ర ఏసుకుంటివా?” అని అరుగు మీదినుంచి చెంగయ్య అడిగాడు.

“ఏసుకుంటి.”

మరుసటి రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆ తర్వాత కూడా.

మొదట కాళ్ళలో బలం తగ్గింది. బిందె ఎత్తబోతే చేతులు వణికాయి. సంగటి నోట పెట్టుకుంటే వాంతి. వేళ్ళ కణుపులు మళ్ళీ ఉబ్బాయి. దీప పొక్కులు నల్లబడి ఎండుతున్నాయి, జ్వరం జారింది, పిల్ల ఆకలని అరుస్తోంది. చూసినకొద్దీ రెడ్డెమ్మకు తాను చేసింది సరైనదేనని రూఢి అయింది. పాపకు నీళ్ళు పోసి అమ్మవారిని సాగనంపే రోజు దాకా ఓర్చుకుంటే చాలు, తర్వాత మాత్ర మింగవచ్చు అనుకుంది. లేచి నిలబడితే లోకం నల్లగా తిరుగుతోంది. పడుకున్నా గుండె దడదడలాడుతోంది. చెమటలు పట్టి ఒళ్ళు చల్లబడుతోంది. తన లోపల ఏదో దీపం ఎవరో వత్తి దించినట్టు తగ్గిపోతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. కేక వేయాలని నోటిదాకా వచ్చేది. పక్క గదిలో పిల్ల నవ్వు విని ఆ కేకను మింగేది.

“అమ్మ నీమీదికి గూడా వస్తాదేమోమే” అంది కుప్పమ్మ, కోడలి నుదురు తాకి. చెయ్యి తీసేశాక మళ్ళీ తాకింది. జ్వరం ఉండవలసిన చోట చెమట చల్లగా తగిలింది.

మధ్యాహ్నం గిన్నెలు తోమడానికి బూడిద కోసం కుప్పమ్మ బట్టీలో చెయ్యి పెట్టింది. వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది. జల్లెడ తెచ్చి బూడిద జల్లించింది. తెల్లని మాత్రలు ఒకటొకటే పైన నిలిచాయి.

ఆమె జల్లెడతోనే లోపలికి వచ్చింది. రెడ్డెమ్మ చాప మీద పక్కకు తిరిగి పడి ఉంది.

“ఏందిమే ఇది?”

రెడ్డెమ్మ కళ్ళు తెరిచి చూసింది. మాట చాలాసేపటికి వచ్చింది. “అరవొద్దత్తా. పాప వింటాది.”

“ఎవురు మానమనిరి నిన్ను? నేను మానమంటినా? నా నోటితో అంటినా?”

“నువ్వనలా. మా గణేష్… సూది… మళ్ళా అట్లయితే?”

కుప్పమ్మ జల్లెడ చాప పక్కన పెట్టింది. కొడుకును పిలిచింది. గడప దగ్గర తారట్లాడి, చివరికి లోపలికి వచ్చిన చెంగయ్య జల్లెడను చూశాడు, భార్యను చూశాడు.

“అబద్ధం సెప్తివా నాకు? రోజూ?”

“తిట్లు తర్వాత” అంది కుప్పమ్మ. “ఆ డాక్టరు ఏం జెప్పినాడో సరిగ్గా సెప్పు. ఒక్క మాట వదలొద్దు.”

“నిలిపేస్తే సస్తాదన్నాడుమా. ఆ సరుకు ఒంట్లోనే పుడతాదంట. నీకూ పుడతాది, నాకూ పుడతాది. దీనికి ఆ మాత్రలు మింగి మింగి లోపల పుట్టేది నిలిచిపోయిందంట.”

“పాపకు గూడా పుడతాండాదా?”

“అందురికీ పుడతాదంట.”

“ఇప్పుడు? అమ్మ ఒంటిమీద కూసోని ఉండంగా గూడా?”

“పుట్టకుంటే పాప బతకదు గదమ్మా.”

కుప్పమ్మ కోడలి పక్కన కూర్చుని చల్లని చేతిని పట్టుకుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి.

“అట్లయితే అది మందెట్లవుతాది?” అంది చివరికి. “బిడ్డ ఒంట్లో పుడతాంటే అమ్మ సూస్తానే ఉండాది, వద్దనలా. అమ్మ వద్దననిది మందు గాదు. కూడు. కూడు పెట్టొద్దని అమ్మ యాడన్నా అనిందా?”

ఆ వాదం తర్కానికి నిలుస్తుందో లేదో చెప్పడం కష్టం. నిజానికి అది తర్కంగా పుట్టలేదు. చల్లబడుతున్న కోడలి చెయ్యి పట్టుకొని కూర్చున్న ముసలిదాని భయం, తాను జీవితమంతా నమ్మినదాన్ని విరగ్గొట్టకుండా బయటపడే దారి వెతికింది. దారి దొరికింది. ఎంతో చదివినవాళ్ళ సిద్ధాంతాల్లో కూడా ఇట్లా పుట్టినవి తక్కువేమీ కాదు.

ఆమె మాత్ర నలిపి అంబలిలో కలిపి కోడలి నోటి దగ్గర పెట్టింది. రెడ్డెమ్మ పళ్ళు బిగించింది.

“నోరు తెరువుమే. తప్పయితే నా తప్పు. మాట నాది, సెయ్యి నాది.”

“పాప…”

“పాపకు నేనుండా. నువ్వు పోతే ఆ పిల్లకు తల్లి యాడుంది?”

రెడ్డెమ్మ తాగింది. తాగినదంతా వెంటనే కక్కేసింది. తర్వాత కళ్ళు తేలవేసింది.

చెంగయ్య వీధిలోకి పరుగెత్తాడు. మల్లప్ప మూటలు వేసే టెంపో సందు చివర నిలిచి ఉంది. సంగతి విని మల్లప్ప వెనక్కి తగ్గాడు.

“అమ్మ ఉండే ఇంటి మనిషిని ఊరి ఎల్ల దాటించేదా? పిల్లలు గలవాణ్ణి చెంగయ్యా…”

గడప దగ్గరికి వచ్చిన కుప్పమ్మ మాట విన్నది. “ఇన్నాళ్ళు దాని మొగం సూసి నగితివే మల్లప్పా! ఇప్పుడొచ్చి సూడు, నగు!”

మల్లప్ప తలవంచుకొని బండి తీశాడు. కుప్పమ్మ పసుపునీళ్ళు తెచ్చి గడపకు, చక్రాలకు పోసింది. కోడలి తలను కొడుకు ఒడిలో పెట్టించి, తాను పిల్ల దగ్గర ఉండిపోయింది. బండి మదనపల్లె దారి పట్టింది. దారి పొడవునా చెంగయ్య భార్య ముక్కు దగ్గర వేలు పెట్టి పెట్టి చూసుకున్నాడు.

రాజగోపాల్ నాడి పట్టుకొని, రక్తపోటు చూసి, నర్సును కేక వేశాడు. సెలైను పెట్టారు. మాత్రలో ఉండే సరుకునే నరంలోకి ఎక్కించారు. చేతులు ఖాళీ అయ్యాక డాక్టరు చెంగయ్య వైపు తిరిగాడు.

“మాత్ర ఎందుకు ఆపింది?”

“పాపకు అమ్మవారు పోసింది సార్.”

డాక్టరు ముఖంలో రంగు మారింది. అంతవరకూ అతను భయపడినట్టు చెంగయ్యకు కనిపించలేదు. “ఇంట్లో ఆ పొక్కులు ఉన్నాయా? ఈమె పక్కనే ఉందా? అంటుజబ్బు వస్తే వెంటనే రమ్మని చెప్పానా లేదా?”

“జబ్బొస్తే రమ్మంటిరి సార్” అన్నాడు చెంగయ్య. “అది జబ్బు గాదు గదా.”

అన్నీ వివరంగా చెప్పాననే డాక్టరు ఇన్నాళ్ళూ నమ్మాడు. ఏ మాట ఏ ఇంట్లో ఏ అర్థంతో అడుగుపెడుతుందో అడిగి తెలుసుకోలేదు.

సాయంత్రానికి రెడ్డెమ్మ కళ్ళు తెరిచింది. ఒంట్లోకి మళ్ళీ వెచ్చదనం వచ్చింది. తన చేతికి గుచ్చిన సూదిని చూసి ఆమె పెట్టిన కేకకు పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు.

“తీయండి! తీసేయండి! నా బిడ్డ!”

“పాప బాగుండాది, మా అమ్మ ఇంటినుంచి ఫోను జేసింది” అన్నాడు చెంగయ్య. అది అబద్ధం. ఆ ఇంటికి ఫోను లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె అతని ముఖంలోకి చూసి, నమ్మలేక, నమ్మకుండా ఉండే బలమూ లేక, ఏడుస్తూ పడుకుంది.

అసలు భయం అప్పుడు మొదలైందని డాక్టరుకు తెలుసు. పిల్ల నుంచి ఆ క్రిమి తల్లిలోకి ఈపాటికి చేరే ఉంటుంది. ఆమె కాపలా సగం నిద్రలో ఉంది. కాపలాను పూర్తిగా లేపితే అది ఆమెనే కరుస్తుంది. లేపకపోతే వచ్చినదాన్ని ఆపలేదు. నిద్రపుచ్చే మందు ఆపడానికి లేదు, పెంచుకుంటూ పోవడానికీ లేదు. ఆమెను విడిగా ఒక గదిలో పెట్టి రోజూ ఒళ్ళంతా వెతికి చూసేవాడు. ఏమీ లేని రోజులు కొన్ని గడిచాయి. ఒక ఉదయం మెడ మీద ఒక పొక్కు, మధ్యాహ్నానికి కడుపు మీద గుత్తులు గుత్తులుగా పొక్కులు. క్రిమిని అణిచే మందు ఆ గంటనుంచే ఎక్కించారు.

దగ్గు వస్తే ఊపిరితిత్తులకు దిగిందేమోనని డాక్టరు పరుగున వచ్చేవాడు. జ్వరం మసకలో రెడ్డెమ్మ వేపాకు అడిగింది. డాక్టరు తెప్పించి దిండు పక్కన పెట్టించాడు. ఒక పక్క వేపమండ, ఒక పక్క సెలైను సీసా. రెండింటి మధ్య ఆమె కళ్ళు తలుపు మీదే ఉండేవి. పుంగనూరు నుంచి చావుకబురు వస్తుందని ఆమె ఎదురుచూస్తోంది.

పొక్కులు ఎండుముఖం పట్టిన రోజు మల్లప్ప టెంపోలో కుప్పమ్మ దీపను తీసుకొచ్చింది. పిల్లకు వేపనీళ్ళు పోసి అప్పటికే చాలా రోజులైంది. గది కిటికీ బయట నిలబెడితే పిల్ల ఊచల మధ్యనుంచి తొంగి చూసింది.

“మా, నీకూ ఆడుకునేకి వచ్చిందా?”

రెడ్డెమ్మ మంచం మీద లేచి కూర్చుంది. పిల్ల ముఖం మీద మచ్చలను, గోకి పుండు చేసుకున్న గుంటను, ఊడిన పంటిని చూస్తూ ఉండిపోయింది.

ఆమె బతికింది. ఇల్లు చేరింది, బట్టీ వెలిగింది. అది గెలుపని ఆమె అనుకోలేదు. అమ్మవారు క్షమించిందా, డాక్టరు కాపాడాడా అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ వేయలేదు. రెడ్డెమ్మకు ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. ఇన్నాళ్ళూ తన నెత్తురును మాత్రమే అనుమానించింది; ఇప్పుడు తన చేతిని కూడా. పాపకు మళ్ళీ ఏమైనా అయితే ఈ చెయ్యి మాత్రను నోటిదాకా తెస్తుందో, మళ్ళీ ఎక్కడో పూడుస్తుందో ఆమెకే తెలియదు.

ఒక ఉదయం ఆమె మాత్రల డబ్బా తెచ్చి అత్త ముందు పెట్టింది.

“నువ్వే ఇయ్యి అత్తా. నన్ను నమ్మొద్దు.”

“మొగుడికియ్యి పోయి.”

“ఆయప్ప అడిగి ఊరుకుంటాడు. ఏసుకుంటినంటే నమ్మతాడు.”

కుప్పమ్మ డబ్బా తీసుకొని పైట కొంగున ముడి వేసుకుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, మోకాళ్ళు పట్టేసి తాను లేవలేని దశ వచ్చినా, కోడల్ని మంచం దగ్గరికి పిలిపించుకొని, మాత్ర అరచేతిలో పెట్టి, గొంతు కదిలే దాకా కనిపెట్టి చూసేది.

“మింగితివా?”

“మింగితి అత్తా.”

“నోరు తెరువు.”

రెడ్డెమ్మ నోరు తెరిచేది.

“నాలిక ఎత్తు, సూడాల.”

ఆమె నాలుక ఎత్తి చూపించేది.